బొడ్రాయి వార్షికోత్సవానికి చుట్టాల ఊరికి వెళ్లేవారు తెలుసుకోవలసినవి

నల్లగొండ జిల్లాలోని మేనత్త ఊరి నుంచో, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు వదినె పుట్టింటి నుంచో బొడ్రాయి వార్షికోత్సవానికి రమ్మని పిలుపు వస్తే, పట్నంలో పుట్టి పెరిగినవారు దానిని పెళ్లి పిలుపుతో సమానంగా లెక్కగట్టి, వేళకు వెళ్లి భోజనం కాగానే బయలుదేరవచ్చునని అనుకుంటారు. ఈ పండుగకు ఆ లెక్క సరిపోదు. పెళ్లికి ఒక ఇల్లు పిలుస్తుంది, బొడ్రాయికి ఊరు పిలుస్తుంది. పొలిమేర లోపల ఆ రోజు ఎవరున్నారు, బయట ఎవరున్నారు అన్నది పూజలో భాగమే కాబట్టి, మధ్యలో రావడం, మధ్యలో పోవడం ఇక్కడ చిన్న విషయాలు కావు. ఏ వేళకు లోపలికి చేరాలో, ఏ వేళ దాకా కదలకూడదో తెలుసుకొని, లోపల ఉన్నంతసేపు ఫలానా ఇంటి మనిషినని చెప్పుకోగలిగితే, మిగిలిన తప్పులను ఊరు నవ్వి వదిలేస్తుంది.

బొడ్రాయి ఊరి నడిబొడ్డున పాతిన రాయి. పంతుళ్లు దీనిని నాభిశిల అంటారు. పాత రాయి కాలక్రమంలో కుంగిపోయినా, సిమెంటు రోడ్లు వేసినప్పుడు మట్టం పెరిగి కప్పబడిపోయినా, ఊరికి వరుసగా కీడు జరుగుతున్నదని పెద్దలు భావించినా, అందరూ కూర్చొని ఇంటికి ఇంతని చందా వేసుకొని కొత్త రాయిని ప్రతిష్ఠిస్తారు. రాయి కింద యంత్రం, నవధాన్యాలు, పంచలోహపు ముక్కలు వేస్తారు. ప్రతిష్ఠ సాధారణంగా కొన్ని రోజుల పాటు సాగుతుంది. ఆ తర్వాత మొదటి ఏడు, మూడో ఏడు, ఐదో ఏడు చేసే వార్షికోత్సవాలు చాలా ఊళ్లలో ఒకటి రెండు రోజుల్లో ముగుస్తాయి. ఎక్కువగా మాఘం నుంచి వైశాఖం లోపు, అంటే దాదాపు ఫిబ్రవరి నుంచి మే దాకా, ఈ పండుగలు పడతాయి. బొడ్రాయితో పాటే పోచమ్మకు, మైసమ్మకు, ముత్యాలమ్మకు, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ వైపు ఈదమ్మకు కూడా బోనాలు పోతాయి.

ఫోనులో అడగవలసినవి

పిలిచినవారిని ఎన్ని గంటలకు రావాలని అడిగితే "పొద్దుగాల్నే రాండ్రి" అనే జవాబు వస్తుంది, దానితో మీకు తెలిసేదేమీ ఉండదు. గడియారం పేరుతో కాకుండా పని పేరుతో అడగాలి. బొడ్రాయికి నీళ్లు పోసేది ఏ పూట, బోనాలు కదిలేది ఏ పూట, పొలి (బలి అన్నం) పొలిమేరలో చల్లేది ఏ రాత్రి, ఊరికి కట్టడి (రాకపోకల మీద నిషేధం) ఉన్నదా, ఉంటే ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని అడిగితే, ఇంట్లో ఎవరో ఒకరు కచ్చితమైన మాట చెబుతారు. ఊళ్లో దండోరా వేసి చెప్పిన కట్టుబాట్లు ఇప్పుడు వాట్సాప్ గుంపుల్లో కూడా తిరుగుతాయి కాబట్టి, వీలైతే ఆ సందేశాన్నే పంపమని కోరండి. కొన్ని ఊళ్లు ప్రతిష్ఠ సమయంలో మాత్రమే రాకపోకలు ఆపుతాయి, మరికొన్ని వార్షికోత్సవంలోనూ కొన్ని గంటలు ఆపుతాయి. పక్క ఊరి పద్ధతిని చూసి ఈ ఊరి పద్ధతిని ఊహించడం మంచిది కాదు.

ఇదే ఫోనులో మరో రెండు సంగతులు మీరే చెప్పాలి. మీ ఇంట్లో ఇటీవల ఎవరైనా పోయి మైల ఉంటే దాచవద్దు. మీకు ఆ పట్టింపు లేకపోవచ్చు, కానీ తర్వాత తెలిస్తే మాట పడేది మీరు కాదు, మిమ్మల్ని పిలిచిన ఇల్లు. అలాగే మాంసం తిననివారు మీలో ఉంటే ముందుగా తెలియజేయాలి. బొడ్రాయి నాడు ఇంటింటా యాట (మేక లేదా గొర్రె) కూర ఉడుకుతుంది, ఒకే పొయ్యి మీద, ఒకే గరిటెతో వండే హడావిడిలో చివరి నిమిషాన పప్పు అడిగితే ఇంటావిడ కంగారు పడుతుంది. ముందే చెబితే పప్పు, పచ్చిపులుసు, పెరుగు ఎవరింట్లోనైనా సిద్ధంగా ఉంటాయి.

ఎంతమంది వస్తున్నారో కూడా చెప్పండి, కానీ పడక సౌకర్యం గురించి గుచ్చి గుచ్చి అడగవద్దు. ఆ రాత్రి ముంబయి, పుణె, హైదరాబాద్‌లకు వలస పోయిన పాలమూరు మనుషులంతా తిరిగి వచ్చి ఉంటారు. ఇంటికి ఇరవై మంది చేరిన చోట డాబా మీద చాప పరిస్తే అదే పడక. దుప్పటి, దోమల మందు, టార్చి లైటు మీరే పట్టుకుపోతే ఎవరినీ ఇబ్బంది పెట్టినవారు కారు. ఎండాకాలం రాత్రుల్లో పాములు, తేళ్లు బయటికి వస్తాయి కాబట్టి టార్చి లేకుండా పెరట్లోకి పోకూడదు.

దారి

చుట్టాల ఊరి పేరు ఒక్కటే తెలిసి బయలుదేరడం పనికిరాదు, మండలం పేరు కూడా కావాలి. ఫోనులోని మ్యాపును గుడ్డిగా నమ్మితే నల్లగొండ జిల్లా నాంపల్లి మండలానికి పోవలసినవారు హైదరాబాద్ నాంపల్లి రైల్వే స్టేషన్ ముందు తేలుతారు. చింతపల్లి అని వెతికితే దేవరకొండ దారిలోని చింతపల్లికి బదులు అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోని చింతపల్లి కనిపించవచ్చు. దానికి తోడు 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ మూడు జిల్లాలుగా విడిపోయింది. అదే రోజున పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరైంది. ఊళ్లోని పెద్దలు ఇప్పటికీ పాత జిల్లా పేరే చెబుతారు, ఆధార్ కార్డు మీద ఒకటి, బస్సు బోర్డు మీద మరొకటి ఉంటుంది. ఈ గందరగోళానికి మందు ఒక్కటే: ఏ పెద్ద ఊరి నుంచి ఏ దారిలో ఏ స్టేజీ దగ్గర దిగాలో అడిగి రాసుకోవడం. కండక్టరుకు జిల్లా పేరు అక్కరలేదు, స్టేజీ పేరు చెబితే చాలు.

హైదరాబాద్ నుంచి నల్లగొండ వైపు పోయేవారికి ఎంజీబీఎస్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీనగర్‌లో బస్సులు దొరుకుతాయి. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల దాటి నార్కట్‌పల్లి దగ్గర లోపలికి తిరగాలి. దేవరకొండ వైపు ఇబ్రహీంపట్నం, మాల్ అనే ఊరి మీదుగా దారి. కల్వకుర్తి, అచ్చంపేట వైపు శ్రీశైలం రోడ్డు, మహబూబ్‌నగర్ వైపు షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా బెంగళూరు హైవే. రైలు ఇష్టపడేవారికి గుంటూరు మార్గంలో నల్లగొండ, మిర్యాలగూడ, కర్నూలు మార్గంలో మహబూబ్‌నగర్, గద్వాల స్టేషన్లు ఉన్నాయి. అక్కడినుంచి మళ్లీ పల్లెవెలుగు బస్సో ఆటోనో తప్పదు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆడవాళ్లు తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లేదా మరో గుర్తింపు కార్డు అసలుది దగ్గర ఉంచుకోవాలి, కండక్టరు ఇచ్చే జీరో టికెట్టు తప్పకుండా తీసుకోవాలి. పండుగ రోజు పొద్దున బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు కాబట్టి, పసిపిల్లలతోనో ముసలివారితోనో పోయేవారు ముందురోజు మధ్యాహ్నమే బయలుదేరడం మేలు. సొంత కారులో పోయేవారు దానిని ఊరి మధ్యకు తీసుకుపోవద్దు. బోనాల దారిలో ఇరుక్కున్న కారును పది మంది ఎత్తి పక్కన పెట్టవలసి వస్తే ఆ కథ వచ్చే వార్షికోత్సవం దాకా చెప్పుకుంటారు. ఊరి బయట కల్లంలోనో బడి ఆవరణలోనో ఆపి నడవండి.

చేతిలో ఏం ఉండాలి

పట్నం నుంచి కేకు డబ్బా పట్టుకుపోవడం ఈ మధ్య అలవాటైంది, ఎండలో మూడు గంటల ప్రయాణం తర్వాత దాని రూపం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. పండ్లు, కొబ్బరికాయలు, పూలు, పిల్లలకు బిస్కెట్లు లేదా కారప్పూస, ఇంటి పెద్దావిడకు ఒక రవిక గుడ్డ చాలు. పూలు మాత్రం కాస్త ఎక్కువ తీసుకుపోండి, ఆ రోజు ఊళ్లో మల్లెలు, బంతులు దొరకవు. మీరు ఆ ఇంటి అల్లుడైతే లేదా వియ్యంకులైతే లెక్క మారుతుంది. వారు మీకు బట్టలు పెడతారు, మీరూ పెట్టాలి, ఏమి పెట్టాలో మీ ఇంట్లోని పెద్దలను అడగడమే తెలివైన పని. నారాయణపేట, గద్వాల, పోచంపల్లి చీరలు నేసే సీమ ఇది కాబట్టి, పట్నపు షోరూములో కొన్న సూరత్ చీర కంటే దారిలో కొన్న నేత చీరకు ఇక్కడ విలువ ఎక్కువ.

నోట్లు చిన్నవిగా మార్చుకొని ఉంచుకోవాలి. డప్పు కొట్టేవారికి, దేవత కథలు చెప్పే బైండ్లవారికి, హారతి పళ్లేనికి, పిల్లల చేతికి ఇవ్వడానికి పదులు, ఇరవైలు, యాభైలు కావాలి, ఊళ్లో ఏటీఎం ఉండకపోవచ్చు, సిగ్నల్ లేని చోట ఫోన్‌పే నడవదు. ఉత్సవానికి చందా ఇవ్వాలనుకుంటే 516, 1116 వంటి అంకెతో మీ చుట్టాల ఇంటి పేరు మీద రాయించండి. దాతల పేర్లు మైకులో చదువుతారు. అప్పుడు మీ పేరు వినబడితే మీకు ముచ్చటగా ఉండవచ్చు, వారి ఇంటి పేరు వినబడితే వారు ఏడాది పొడుగునా తలెత్తుకొని తిరుగుతారు.

ఊళ్లో అడుగుపెట్టాక

స్టేజీ దగ్గర దిగిన క్షణం నుంచి మీరు చూసేవారికంటే మిమ్మల్ని చూసేవారే ఎక్కువ. రచ్చబండ మీద కూర్చున్న ముసలాయన "ఎవలింటికొచ్చిన్రు బిడ్డా?" అని అడగకుండా వదలడు. దానికి మీ పేరు, మీ ఉద్యోగం చెప్పడం వృథా. చుట్టం పేరు, ఆయన తండ్రి పేరు, మీకు ఏ వరుస అవుతారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ఆయన మిగిలినదంతా తానే పూరించుకొని, మీ తాత ఆ ఊరికి ఎప్పుడొచ్చాడో కూడా మీకే చెబుతాడు. బయలుదేరే ముందు ఈ మూడు పేర్లు పిల్లలకు కూడా నేర్పించండి. తప్పిపోయిన పిల్లవాడు తన ఫ్లాటు నంబరు చెబితే ఊళ్లో ఎవరికీ పనికిరాదు, తాత పేరు చెబితే రెండు నిమిషాల్లో ఇల్లు చేరతాడు.

గడప దగ్గర చెంబుతో నీళ్లు ఇస్తారు, కాళ్లు కడుక్కొని లోపలికి పోవాలి. తర్వాత ఇంటి పెద్దను ముందుగా పలకరించి, ఆ తర్వాతే మిగిలినవారి దగ్గరికి పోవడం మర్యాద. వరుసలు తెలియకపోతే పెద్దవారిని మామా, అత్తమ్మా, పెద్దనాయనా, చిన్నమ్మా అని పిలిచి, తప్పయితే దిద్దమని అడగండి. వరుస తప్పి పిలిస్తే పరిహాసాలకు వస్తువు దొరికిందని సంతోషిస్తారు తప్ప కోపగించరు. అసలు ఏ వరుసా లేకుండా అంకుల్ అన్నప్పుడే ముఖం చిన్నబుచ్చుకుంటారు. బావా మరదళ్ల వరుసైనవారు మీద నీళ్లు చల్లినా, ఎగతాళి చేసినా ఓర్చుకోవాలి, అది వారి హక్కు.

ఆ పూటే కాస్త తీరిక చేసుకొని అదే ఇంటిపేరు గల మిగిలిన ఇళ్లకు ఒక్కసారి పోయి రండి. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగాదా ఉండవచ్చు, మొన్నటి సర్పంచ్ ఎన్నికల కక్ష ఇంకా చల్లారకపోవచ్చు. ఒక ఇంట్లో విన్న మాటను మరో ఇంటికి మోయకుండా, ఇద్దరింటా ఒకేలా నవ్వి చాయ తాగి రావాలి. పండుగ పేరుతో ఆ ఇద్దరూ ఒకచోట నిలబడేది కూడా ఆ ఒక్క రోజే.

నీళ్లు, బోనాలు

వార్షికోత్సవంలో అందరూ పాల్గొనగలిగిన ఘట్టం బొడ్రాయికి నీళ్లు పోయడం. ఇంటికొక బిందెతో ఆడవాళ్లు బయలుదేరి, పసుపు నీళ్లలో వేపాకు వేసి, రాయి మీద పోసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. అతిథిగా వచ్చిన ఆడవాళ్లను కూడా ఒక బిందె పట్టమంటారు, సంకోచించక పట్టండి. చెప్పులు ఇంట్లోనే విడిచిపోవాలి. ఫిబ్రవరిలో అయితే పరవాలేదు, ఏప్రిల్ మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద ఉత్తకాళ్లతో నడవడం పట్నపు పాదాలకు పరీక్షే, నీళ్లు చల్లిన అంచు వెంట నడవడం, ఆగిన ప్రతిచోటా నీడలో నిలబడడం తెలిసినవారు చేసే పని. నల్లగొండలో మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి, తలకు తువ్వాల, చేతిలో నీళ్ల సీసా, సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. ఉపవాసం ఉన్న ఇంటివారు తమ గురించి పట్టించుకోరు, వారికి నిమ్మకాయ నీళ్లు కలిపి ఇవ్వడం మీరు చేయగల మంచి సాయం.

బోనం ఎత్తేది ఇంటి కోడలు లేదా ఆడబిడ్డ. కొత్త కుండకు సున్నం, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, లోపల బెల్లపు అన్నం వండి ఉంచి, వేపమండలు చుట్టి, పైన గురిగి (చిన్న కుండ) పెట్టి, దాని మీద దీపం వెలిగిస్తారు. దీపం ఆరకుండా గుడిదాకా పోవాలి. ఈ ఊరేగింపులో అతిథికి ఉన్న పని దారి ఇవ్వడం, దీపానికి గాలి తగలకుండా పక్కన నడవడం, అడిగితే నూనె పోయడం. బోనానికి ఎదురు నడవకూడదు, రెండు బోనాల మధ్యనుంచి దాటకూడదు. బోనమెత్తినావిడ పాదాల మీద నీళ్లు పోసి మొక్కేవారిని చూసి మీరూ అలాగే చేయవచ్చు, చేయకపోయినా ఎవరూ తప్పు పట్టరు. తీరిక ఉంటే ముందురోజు సాయంత్రమే వెళ్లి కుండకు బొట్లు పెట్టే పనిలో కూర్చోండి. ఊరేగింపు ఎంత గొప్పగా ఉన్నా, ఇంటి ఆడవాళ్లు తీరికగా మాట్లాడేది ఆ సాయంత్రమే.

డప్పుల మోత పెరిగినకొద్దీ కొందరికి శిగం వస్తుంది, అంటే దేవత పూనుతుంది. పట్నంలో పుట్టినవారు ఇక్కడే ఎక్కువగా తడబడతారు. శిగమూగుతున్న మనిషికి దూరంగా, కానీ వెన్ను చూపకుండా నిలబడాలి. నవ్వకూడదు, పట్టుకొని ఆపబోకూడదు, ముఖం మీద ఫోను పెట్టి వీడియో తీయకూడదు. సాక (దేవతకు ధారగా పోసే నీళ్లు) పోసి, వేపమండ తాకించి శాంతింపజేయడం తెలిసినవారు పక్కనే ఉంటారు. శిగం వచ్చినవారు వాక్కు (దేవత మాట) చెబుతున్నప్పుడు ఆ మాటలు నిజమా అబద్ధమా అని మీ మధ్య చర్చ మొదలుపెట్టడానికి అది వేళ కాదు. నమ్మకం లేనివారు నమ్మినట్టు నటించనవసరం లేదు, మౌనంగా నిలబడితే చాలు. ఫొటోల విషయంలో నా మాట ఇంకొంచెం కటువుగా ఉంటుంది. ఊరేగింపును, ముగ్గులను, బొడ్రాయిని తీసుకోండి, మనుషులను మాత్రం అడిగి తీయండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కాళ్లు, వెన్ను వంగిపోయిన పెద్దవారు కనిపిస్తారు. వారిని ఫొటో తీయడానికి దశాబ్దాలుగా ఎందరో వచ్చిపోయారు, పండుగ పూట మీరు కూడా ఆ పని చేయవద్దు.

జమిడిక అనే వాద్యం వాయిస్తూ బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పే ఊళ్లలో కాసేపు కూర్చొని వినండి. కథ రాత్రంతా సాగవచ్చు, మొత్తం వినాలనే నియమం లేదు. డీజే పెట్టిన ఊళ్లలో ఈ కథ వినబడని మూలకు పోతుంది, అప్పుడు కథ చెప్పేవారి దగ్గరికి నడిచి వెళ్లి ఒక నోటు చేతిలో పెట్టడం ఇంకా అవసరం.

పొలి చల్లే రాత్రి

యాటను బలిచ్చే వేళ పిల్లలను ఎక్కడ ఉంచాలో ముందే నిర్ణయించుకోవాలి. కొన్ని ఊళ్లలో పోతరాజు గావు పడతాడు, అంటే నోటితోనే జీవం మెడ కొరుకుతాడు. ఊరి పిల్లలు చిన్నప్పటినుంచి చూసి ఉంటారు, మాంసం ప్లాస్టిక్ సంచిలోనే చూసిన పిల్లవాడికి అది పీడకల కావచ్చు. వాడిని మరో పనికి, పెరట్లోని కోడిపిల్లల దగ్గరికో తాత పక్కకో పంపించి, ఏమి జరుగుతుందో నిజమే చెప్పండి. చూడలేని పెద్దవారు కూడా నిశ్శబ్దంగా పక్కకు తప్పుకోవచ్చు. అక్కడే నిలబడి ముక్కు మూసుకొని ముఖం చిట్లించడమే అవమానం.

ఆ తర్వాత బలి నెత్తురు కలిపిన అన్నాన్ని గంపలో పెట్టుకొని, కాగడాలతో, డప్పులతో మగవాళ్లు పొలిమేర చుట్టూ తిరిగి పొలి చల్లుతారు. కట్టడి ఉన్న ఊళ్లలో ఈ సమయానికే దారులకు అడ్డం పెడతారు. బయటివారు లోపలికి రాకూడదు, లోపలివారు బయటికి పోకూడదు. బావుల దగ్గర పడుకునే రైతులు కూడా ముందే ఇళ్లకు చేరతారు. మీరు చేయవలసింది తేలికైనదే, చాలామంది చేయలేనిదీ అదే: పొద్దు గూకక ముందే కావలసిన మందులు, పాల పొడి, ఫోను చార్జరు అన్నీ దగ్గర పెట్టుకొని, పొలి పూర్తయిందని డప్పు వినబడేదాకా గడప దాటకుండా కూర్చోవడం. సిగరెట్టు కోసం స్టేజీ దాకా పోయి వస్తానని, మరునాడు పొద్దున ఆఫీసు ఉందని, కారు ఊరి బయటే ఉందిగదా అని అడ్డం తీయమంటే, మీ కోసం బతిమాలవలసింది మీ మామే. మరునాడు సెలవు దొరకనివారు పొద్దున నీళ్లు పోసే ఘట్టం చూసి, బోనాలు కదలకముందే సెలవు తీసుకొని పోవడం మర్యాదగా ఉంటుంది.

పొలి వెంట పోతానని ఉత్సాహపడే యువకులు పెద్దల అనుమతి అడగాలి. చాలా ఊళ్లు చుట్టపు మగవారిని రమ్మంటాయి, కొన్ని ఊళ్లు సొంత ఊరివారినే పంపుతాయి. పోతే పాదాలకు ముళ్లు దిగడం ఖాయం, వెనక్కి తిరిగి చూడవద్దన్నప్పుడు చూడవద్దు. ఇంట్లో నిండు గర్భిణి గాని, గుండె జబ్బు ఉన్నవారు గాని ఉంటే ఆ సంగతి సాయంత్రమే ఊరి పెద్దలకు తెలియజేయండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 108 బండికి ఏ కట్టడీ అడ్డం కాకూడదు, ముందే చెప్పి ఉంచితే రాత్రి రెండు గంటలకు ఆ వాదన పెట్టుకోవలసిన పని ఉండదు.

తిండి, నీళ్లు, కల్లు

బంతిలో (భోజనాల వరుసలో) కూర్చుంటే బగారా అన్నం, యాట కూర, తలకాయ కూర, బోటి, పాలమూరు వైపైతే జొన్న రొట్టె, తీపికి బక్షాలో (బొబ్బట్లు) పాశమో (పాయసం) వస్తాయి. వడ్డించేవారి చేయి ఆగదు. విస్తరిలో వదిలేయడం కంటే మొదటి విడతలోనే తక్కువ వేయించుకోవడం మంచిది, చాలు అన్న మాటను రెండోసారికి గాని ఎవరూ నమ్మరు కాబట్టి మొదటిసారి తొందరగానే అనాలి. ప్రతి ఇంటివారూ "ఒక్క ముద్ద తిని పోరాదు" (తిని పోవచ్చు కదా) అని పిలుస్తారు. కడుపునిండా పిలిచిన ఇంట్లో తిని, మిగిలిన ఇళ్లలో మజ్జిగో చాయో పుచ్చుకుంటే ఎవరినీ నొప్పించినట్టు కాదు. డప్పు కొట్టినవారు ఏ బంతిలో, ఎప్పుడు తింటున్నారో ఒకసారి గమనించండి. పొద్దుటినుంచి ఊరిని నడిపించినవారు ఆఖరి బంతిలో కూర్చునే ఊళ్లు ఇంకా ఉన్నాయి. దానిని మార్చే అధికారం అతిథికి లేదు గాని, మీరు పోయి వారి బంతిలో కూర్చోవడాన్ని ఎవరూ ఆపలేరు.

తాగునీటి విషయంలో మొహమాటం వద్దు. నల్లగొండ పడమటి మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉండేది ఎప్పటినుంచో తెలిసిన సంగతి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. ఒక్క రోజు తాగితే ఎముకలు వంగవు, కానీ పసిపిల్లల పాలలో కలపడానికి మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా నీళ్లో, ఫిల్టరు నీళ్ల డబ్బానో అడగండి. ఇంటివారికి ఈ తేడా మీకంటే బాగా తెలుసు, అడిగినందుకు ఏమీ అనుకోరు.

కల్లు గురించి అడగనివారు ఉండరు. తాటి కల్లు గాని ఈత కల్లు గాని చెట్టు మీదినుంచి దించిన పొద్దున తాగితేనే తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కినకొద్దీ పులిసి మత్తు పెరుగుతుంది. మీ చుట్టానికి తెలిసిన గౌడన్న దించిన చెట్టు కల్లయితేనే ముట్టండి. దుకాణాల్లో సీసాల్లో పోసి అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి పట్టుబడిన కేసులు పాలమూరులో ఎన్నో ఉన్నాయి. తాగినవారు ఆ రోజు బండి తోలకూడదు, వ్యవసాయ బావుల వైపు ఈతకు పోకూడదు. పండుగనాడు పిల్లలు గుంపుగా బావికి పోతామంటే ఈత వచ్చిన పెద్దవారు వెంట ఉండాలి, మెట్లు లేని బావుల్లో దిగినవారు ఎక్కడం కష్టం.

తిరుగు ప్రయాణం

ఆ ఊరి ఆడబిడ్డ మీ ఇంటి కోడలైతే, తిరిగి వచ్చేముందు ఆమెకు ఒడిబియ్యం పోస్తారు. దీనికి గంటన్నర సమయం కేటాయించుకోండి, బస్సు టైమని తొందరపెట్టవద్దు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు (ఎండు కొబ్బరి చిప్పలు), ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డ ఆమె కొంగులో పోసి, తల్లి, వదినెలు, మేనత్తలు వరుసగా బొట్టు పెడతారు. ఆమె కొన్ని పిడికిళ్ల బియ్యం పుట్టింట్లో వదిలి, మిగిలినవి మూట కట్టుకొని బయలుదేరుతుంది. మూటను నేల మీద పెట్టరు కాబట్టి బస్సులో ఒడిలోనో సీటు మీదో ఉంచడానికి వీలుగా ఒక గట్టి సంచి వెంట తీసుకుపోవాలి.

పచ్చి మాంసం వాటా కట్టిస్తామంటే మర్యాదగా వద్దనండి, ఎండలో ఇల్లు చేరేలోపు పాడవుతుంది. వండిన కూరను స్టీలు డబ్బాలో పెట్టమనండి. ఆ డబ్బా ఎవరింటిదో అడిగి గుర్తుపెట్టుకొని, తర్వాత ఎవరు ఊరికి పోతున్నా ఖాళీగా కాకుండా ఏదో ఒకటి వేసి పంపాలి. ఇల్లు చేరిన వెంటనే ఫోను చేసి చేరామని చెప్పాక, ఒడిబియ్యాన్ని మిగిలిన బియ్యంలో కలపకుండా విడిగా ఉంచి, మంచిరోజు చూసి వండి, ఇరుగుపొరుగువారిని పిలిచి పెట్టుకోవాలి.